ఏడో చేప ఎందుకు ఎండలేదు? ఒక బొమ్మల పుస్తకం మీద మా తరగతి విచారణ

రాజుగారికి ఏడుగురు కొడుకులు. ఏడుగురూ వేటకు పోయి ఏడు చేపలు తెచ్చారు. ఎండబెడితే ఆరు ఎండాయి, ఒకటి ఎండలేదు. చేపా చేపా ఎందుకు ఎండలేదంటే గడ్డివాము అడ్డొచ్చిందంది. గడ్డివాము ఆవు మేయలేదంది, ఆవు జీతగాడు మేపలేదంది, జీతగాడు అవ్వ బువ్వ పెట్టలేదన్నాడు, అవ్వ పిల్లాడు ఏడ్చాడంది, పిల్లాడు చీమ కుట్టిందన్నాడు. చీమ ఒక్కటే ఇంకొకరి మీదికి నెట్టకుండా, నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అంది.

మా ఆవరణలోని ప్రైమరీ బడి లైబ్రరీలో ఈ కథ బొమ్మల పుస్తకంగా ఉంది. దాన్ని తొమ్మిదో తరగతి పిల్లల చేతికిచ్చి, సైన్సు పద్ధతిలో విచారణ చేయించాను. ఏం చేశాం, ఏం తేలింది, లెక్క ఎక్కడ కథకు అడ్డం తిరిగింది అన్నది వివరంగా రాస్తున్నాను. ఇంకో బడిలో ఇంకో సైన్సు టీచర్ చేయాలనుకుంటే పనికొచ్చేలా కొలతలతో సహా పెడుతున్నాను.

హనుమకొండ నుంచి పరకాల పోయే దారిలో ఉంటుంది మా ఊరు. నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను.

ఎందుకీ కథ?

మా పిల్లలకు కారణాలు చెప్పడం బాగా వచ్చు. ఇనుము ఎందుకు తుప్పు పడుతుంది, బట్టలు ఎందుకు ఆరుతాయి అని అడిగితే టక్కున చెబుతారు. అదే "ఎంత?" అని అడిగితే ఆగిపోతారు. గాలి వల్ల బట్టలు ఆరుతాయి, ఎండ వల్ల ఆరుతాయి. ఈ రెండింటిలో దేని వాటా ఎక్కువ? ఈ ప్రశ్న పుస్తకంలో ఉండదు, పరీక్షలోనూ రాదు. కానీ సైన్సు అసలు మొదలయ్యేది అక్కడే అని నా నమ్మకం. ఒక కారణం ఉండటం వేరు, ఆ కారణం జరిగిన పనికి సరిపడా ఉండటం వేరు.

ఏడు చేపల కథలో ప్రశ్నలు వరసగా ఉన్నాయి. జపాన్‌లో టయోటా కార్ల ఫ్యాక్టరీలో మిషన్ ఆగిపోతే ఐదుసార్లు "ఎందుకు" అని అడిగి మూలం దాకా వెళ్లే పద్ధతి ఉంది. తాయిచీ ఓనో అనే ఇంజనీర్ దాన్ని లోకానికి చెప్పాడు. మన కథలో ఏడుసార్లు అడుగుతారు. పైగా ప్రతి జవాబులోనూ కొలవగలిగిన వస్తువు ఒకటి ఉంది: నీడ, గడ్డి, మేత, ఆకలి, ఏడుపు, కుట్టు. ఇంతకన్నా మంచి ప్రయోగశాల నాకు కనబడలేదు.

ఇంకో కారణం కూడా ఉంది. ఎండటం అనేది మా పిల్లల ఇళ్లలో పెద్ద విషయం. కోతలయ్యాక రోడ్డు పొడుగునా వడ్లు ఆరబోస్తారు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు సెంటర్లో కాంటా పడదు. మబ్బు పడితే ఇంటిల్లిపాదికీ టెన్షన్. మిరప తోటలున్నవాళ్లు కల్లంలో కాయ ఎండబోసి, రాత్రిళ్లు కాపలా ఉండి, ఎండాక వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తోలుకుపోతారు. "ఎందుకు ఎండలేదు" అన్న మాట ఈ ఇళ్లలో కథ కాదు.

బొమ్మలో ఏముంది?

మొదటి పని బొమ్మను చదవడం. కథ వినడం కాకుండా బొమ్మను ఒక ఫొటో సాక్ష్యంలా చూడమన్నాను. మా పుస్తకంలో గడ్డివాము మధ్యలో ఉంది, పైన వెన్నులాగా సన్నగా ఉంది. ఆరు చేపలు కుడివైపు ఎండలో వరసగా ఉన్నాయి. ఏడోది వాముకు ఎడంవైపు, దాదాపు జానెడు దూరంలో, బూడిద రంగు నీడలో పడుకుని ఉంది. పక్కన నిలబడ్డ జీతగాడిని ఐదున్నర అడుగుల మనిషి అనుకుంటే వాము ఎత్తు మూడు మీటర్లకు దగ్గర పడుతుంది. సూర్యుడు పేజీలో కుడివైపు పైమూలన ఉన్నాడు.

దీన్ని బట్టి ఏం చెప్పగలం? వాము ఎత్తు చెప్పగలం, చేప దూరం చెప్పగలం. దిక్కులు మాత్రం చెప్పలేం, బొమ్మలో ఉత్తరం గుర్తు లేదు కాబట్టి. అది ఉదయమా సాయంత్రమా కూడా తెలియదు. "బొమ్మలో ఉన్నది", "మనం అనుకుంటున్నది" అని బోర్డు మీద రెండు నిలువు వరసలు గీసి, ప్రతి మాటనూ దేని కింద రాయాలో పిల్లలనే తేల్చమన్నాను. ఈ ఒక్క పనికే పీరియడ్ అంతా పట్టింది, పట్టనిచ్చాను. పరిశీలనకూ ఊహకూ తేడా ఇంత తేటగా నేను ఎప్పుడూ చెప్పగలిగింది లేదు.

తర్వాత, వాము సంగతి పక్కనపెట్టి, ఆ చేప ఎండకపోవడానికి వేరే కారణాలు ఏముండొచ్చో చెప్పమన్నాను. చాలా వచ్చాయి. రెండు ఇక్కడ చెప్పాలి.

చెరువు మీద చేపలు పట్టే కుటుంబం నుంచి వచ్చిన అబ్బాయి, అది లావు చేప అయ్యుండొచ్చన్నాడు. వాళ్ల తాత పెద్ద చేపను వీపు వెంట చీల్చి, ఉప్పు రాసి, పరిచి ఎండేస్తాడట. అట్లా చేయకపోతే పైన ఎండినట్టే కనబడి లోపల కుళ్లుతుందట. ఇది గట్టి మాట. పైతేమ పోయాక లోపలి నీళ్లు కండలోంచి మెల్లగా ఊరి పైకి రావాలి. ఆ దశలో పట్టే సమయం మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రెండింతలు లావుంటే నాలుగింతల సమయం పడుతుంది. ఏడుగురు కొడుకులు ఏడు రకాల చేపలు తెచ్చి ఉంటే, వాము లేకపోయినా ఒకటి వెనకబడటంలో వింత లేదు.

రెండోది వెనక బెంచీలోంచి వచ్చింది. ఎప్పుడూ పెద్దగా మాట్లాడని అమ్మాయి లేచి, "సార్, చేపను అడిగితే జవాబు చెప్పింది కద. మాట్లాడిందంటే అది సావలేదన్నట్టు. బతికున్న చేప ఎట్ల ఎండుతది?" అంది.

క్లాసంతా ఒక్కసారి నిశ్శబ్దమై, ఆ తర్వాత గోలగోలైంది. నీళ్ల బయట అంతసేపు బతికే చేప ఏది? కొర్రమీను అని నలుగురైదుగురు ఒకేసారి అరిచారు. నిజమే. కొర్రమీనుకు మొప్పలతో పాటు, వాటికి పైన గాలి పీల్చుకునే అర ఒకటి ఉంటుంది. ఒళ్లు తడిగా ఉంటే గంటల తరబడి నీళ్ల బయట బతుకుతుంది. అందుకే బజారులో దాన్ని ప్రాణంతో అమ్ముతారు. తెలంగాణ రాష్ట్ర చేప కూడా అదే. ఒంటి మీది జిగురు తేమను తొందరగా పోనివ్వదు. కాబట్టి ఏడోది కొర్రమీను, అది ఇంకా బతికే ఉంది, అందుకే ఎండలేదు, అందుకే మాట్లాడగలిగింది. కథలోని రెండు వింతలను ఒకే కారణంతో ముడివేసిన ఊహ ఇది. మంచి సిద్ధాంతం చేసే పని అదే. ఆ అమ్మాయి పేరు మీదే దాన్ని బోర్డు మీద రాశాం, విచారణ అయ్యేదాకా చెరపలేదు.

నీడ లెక్క

ఇక గడ్డివాము. తొమ్మిదో తరగతికి త్రికోణమితి ఇంకా రాదు, అవసరమూ లేదు. మీటరు కర్ర ఒకటి నేలలో నిట్టనిలువుగా పాతి నీడను కొలిస్తే చాలు. మధ్యాహ్నం అత్యంత పొట్టిగా పడే నీడ సరిగ్గా ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది కాబట్టి దిక్కు కూడా దాంతోనే తెలుస్తుంది. ఒక జాగ్రత్త: వరంగల్‌లో నడినెత్తి పొద్దు గడియారంలో 12కు రాదు. మన దేశపు టైమ్ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. మనం దానికి పడమరగా దాదాపు మూడు డిగ్రీల దూరంలో ఉన్నాం, కాబట్టి ఇక్కడ పొద్దు ఏడాదిలో ఎక్కువ రోజులు పన్నెండు దాటాకే నడిమికి వస్తుంది. పిల్లలు 12 కంటే ముందు నుంచి 12.30 దాకా కాసేపటికోసారి నీడ కొసన గీత పెడుతూ పోయి, పొట్టి గీతను ఎంచారు.

వరంగల్ ఉన్నది దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. డిసెంబర్ చివర్లో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 48.6 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. మీటరు కర్ర నీడ 88 సెంటీమీటర్లు. అంటే మూడు మీటర్ల వాము నీడ ఉత్తరానికి 2 మీటర్ల 64 సెంటీమీటర్లు. మార్చి 20 దగ్గర అదే కర్ర నీడ 32 సెంటీమీటర్లకు కొంచెం పైన, వాము నీడ 97 సెంటీమీటర్లు. మే రెండో వారం చివర సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉండి, ఆ మధ్యాహ్నం కర్రకు నీడే ఉండదు. జూలై చివర్లో మళ్లీ అంతే. ఆ రెంటి మధ్య రోజుల్లో సూర్యుడు మనకు ఉత్తరంగా పోతాడు, మధ్యాహ్నపు నీడ కొద్దిగా దక్షిణానికి పడుతుంది.

ఇక్కడ కథకు నెల దొరికింది. వానాకాలం వరి కోసి, కొట్టి, వాము పెట్టేది నవంబర్, డిసెంబర్‌లో. వాము నిండుగా ఉండే రోజులూ, సూర్యుడు కిందుగా ఉండే రోజులూ ఒక్కటే. చేప వాముకు ఉత్తరంగా ఉంటే దాని పరిస్థితి ఇంకా కష్టం. డిసెంబర్ చివర్లో పొద్దు సరిగ్గా తూర్పున పొడవదు, దాదాపు 25 డిగ్రీలు దక్షిణానికి జరిగి పొడుస్తుంది, అంతే జరిగి గూకుతుంది. నాలుగు మీటర్ల పొడవున్న వాముకు ఉత్తరాన మీటరు దూరంలో నడుమన చేప ఉంటే, పొద్దు పొడిచిన కొద్దిసేపటికి వాము చాటుకు పోయి గూకే ముందు దాకా బయటికి రాదు. అదే చేప వాముకు పడమరగా ఉంటే ఉదయం నీడ, మధ్యాహ్నం నుంచి ఎండ. సగం ఎండైనా దక్కుతుంది.

కాబట్టి గడ్డివాము అడ్డొచ్చిందన్న చేప మాట డిసెంబర్‌లో నిలబడుతుంది, చేప ఉత్తరాన ఉంటే. మే నెలలో నిలబడదు. యాసంగి గడ్డితో పెట్టిన వాము అయితే చేప వేరే సాకు వెతుక్కోవాలి. ఈ ఫలితం దగ్గర పిల్లల ముఖాలు వెలిగిపోయాయి. ఎప్పుడో ఎవరో చెప్పిన కథలో ఏ నెలలో జరిగిందో కర్ర నీడ చెప్పింది.

ఆవు మీద నేరం నిలబడుతుందా?

నాకు ఈ విచారణ మొత్తంలో ప్రాణమైన భాగం ఇది. గడ్డివాము, "ఆవు మేయలేదు" అంది. మేసి ఉంటే వాము తగ్గేది, నీడ తగ్గేది, చేప ఎండేది. వినడానికి బాగానే ఉంది. ఎంత తగ్గేది?

పాతిక తక్కువ మూడు వందల కిలోలో, రెండున్నర వందల కిలోలో తూగే నాటు ఆవు రోజుకు తినే ఎండుమేత దాని బరువులో రెండు, రెండున్నర శాతం ఉంటుంది. ఆరు కిలోలు అనుకున్నాం. వాములో గడ్డి ఎంత గట్టిగా ఉంటుంది? ఒక అట్టపెట్టెలో గడ్డిని వాములో ఉన్నంత గట్టిగా తొక్కి నింపి, తూచి, పెట్టె కొలతలతో భాగించారు. ఘనపు మీటరుకు 60 కిలోల చుట్టుపక్కల అని లెక్కకు తీసుకున్నాం. ఇది వాము వాముకు మారుతుంది, అందుకే ఫలితాన్ని రోజుల్లో చెప్పినా సుమారుగానే చూడాలి.

మొదట వామును పెట్టె ఆకారం అనుకున్నారు: నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు. ఆరు కిలోలంటే పదో వంతు ఘనపు మీటరు. 12 చదరపు మీటర్ల పైభాగం మీద దాన్ని సమంగా తీసేస్తే ఎత్తు తగ్గేది 8 మిల్లీమీటర్లు. నీడ తగ్గేది 7 మిల్లీమీటర్లు. చేప తోక కూడా ఎండలోకి రాదు.

మీటరు దూరంలో ఉన్న చేపకు డిసెంబర్ మధ్యాహ్నపు ఎండ తగలాలంటే వాము మీటరు 14 సెంటీమీటర్లకు దిగాలి. అంటే దాదాపు 1,340 కిలోల గడ్డి పోవాలి. ఒక ఆవుకు అది 220 రోజులకు పైబడిన మేత. ఏడు నెలలు! ఈలోగా మార్చి 20 నాటికే నీడ 97 సెంటీమీటర్లకు తగ్గి, ఆవు ఒక్క పరక తినకపోయినా మధ్యాహ్నం పూట చేప ఎండలోకి వస్తుంది. ఆవుకు ఏడు నెలలు పట్టే పనిని సూర్యుడు మూడు నెలల్లో చేస్తాడు.

ఆవు నిర్దోషి అని తీర్పు రాయబోతుంటే ఒకమ్మాయి ఆపింది. "వాము డబ్బా లెక్క ఉండదు సార్, పైకి పోయినకొద్దీ సన్నగైతది" అని బొమ్మను చూపింది. లెక్క మళ్లీ మొదలు. గ్రాఫ్ పేపర్ మీద త్రిభుజం గీసి, పొద్దు కిరణానికి కర్ర నీడ చెప్పిన వాలు ఇచ్చారు. వాము వెన్ను మధ్యలో ఉంటుంది కాబట్టి 2.64 మీటర్ల నీడలో మీటరున్నర వాము అడుగులోనే పోతుంది, బయటికి వచ్చేది 1 మీటరు 14 సెంటీమీటర్లే. మీటరు దూరంలో ఉన్న చేప నీడ అంచునే ఉన్నట్టు. వెన్ను దగ్గర గడ్డి తక్కువ, కాబట్టి అక్కడ కొంచెం తీసినా ఎత్తు బాగా తగ్గుతుంది. పైనుంచి 37 సెంటీమీటర్లు చదునుగా తీసేస్తే సరిపోతుంది. ఆ గడ్డి 16 కిలోలే. మూడు రోజుల మేత!

220 రోజుల నుంచి మూడు రోజులకు. ఆవూ అదే, చేపా అదే, మారింది ఆకారం ఒక్కటే. లెక్కలో మనం వేసుకున్న ఊహ ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నా సర్వీసులో దొరకలేదు.

బొమ్మలో చేప మాత్రం మీటరు దూరంలో లేదు, జానెడు దూరంలో ఉంది. 23 సెంటీమీటర్లు వేసి చూస్తే, త్రిభుజం వాములోనే దాదాపు 690 కిలోలు తీయాలి, అంటే నాలుగు నెలలకు దగ్గర. ఇంకో సంగతి: ఆవు మూతి మూడు మీటర్ల ఎత్తుకు అందదు. జీతగాడు గడ్డి పీకేది కూడా పక్క నుంచి, నడుము ఎత్తున. వెన్ను ఎక్కి తీయడు. పక్కన ఎంత పీకినా వెన్ను నిలిచే ఉంటుంది, నీడా నిలిచే ఉంటుంది. ఆ ఒక్క రోజు ఆవు మేయకపోవడం వల్ల చేపకు జరిగిన నష్టం ఏమీ లేదని తరగతి తీర్పు రాసింది. చేప నీడ అంచున ఉండి, గడ్డిని పైనుంచి తీసే ఆచారం ఉంటేనే కేసు తిరగదోడాలని కింద ఒక వాక్యం కూడా చేర్చారు. ఆ వాక్యం నాకు తీర్పు కన్నా ఎక్కువ నచ్చింది.

సొరకాయ చేపలు

బడిలో చేపలు ఎండబెట్టలేం. వాసన, పిల్లులు, ఈగలు, అన్నిటికీ మించి మధ్యాహ్న భోజనం అక్కడే వడ్డిస్తాం. అందుకని సొరకాయను ఒకే మందంలో చక్రాలుగా కోసి చేపలన్నాం. సొరకాయలో నీళ్లు చేప కన్నా ఎక్కువ, పైగా చర్మం, కొవ్వు లేవు, కాబట్టి ఆ ఫలితాన్ని చేపకు నేరుగా అంటగట్టకూడదు. నీడకూ ఎండకూ ఉన్న తేడా చూడటానికి మాత్రం బాగా పనికొస్తుంది.

వాము బదులు 30 సెంటీమీటర్ల ఎత్తు అట్టపెట్టె. ఆరు ముక్కలు ఎండలో, ఏడోది పెట్టెకు ఉత్తరాన 10 సెంటీమీటర్ల దూరంలో. పిల్లలు పట్టుబట్టి ఎనిమిదోది కూడా పెట్టారు, మూత వేసిన స్టీలు డబ్బాలో. ఎండా గాలీ రెండూ లేకపోతే ఏమవుతుందో చూడాలి కదా అన్నారు. వంట సామాను తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాంటాతో గంట గంటకూ తూచారు.

మధ్యాహ్నం దాటేసరికి ఎండలోని ముక్కల అంచులు పైకి లేచి గిన్నెల్లా వంగాయి, గింజల చుట్టూ కండ ముడుచుకుని గింజలు బయటికి పొడుచుకొచ్చాయి. ఏడోది పలకలా చదునుగానే ఉంది. వేలితో తాకితే అంచు గరుకు, నడుమ మాత్రం చల్లగా, తడిగా. ఆ చల్లదనాన్ని అందరి చేతా తాకించాను. ఆవిరయ్యే ప్రతి కిలో నీటికీ 2,400 కిలోజౌళ్ల దాకా వేడి కావాలి, ఎండ లేనప్పుడు ముక్క ఆ వేడిని తన ఒంట్లోంచీ చుట్టూ ఉన్న గాలిలోంచీ లాక్కుంటుంది. బోర్డు మీద చెబితే రాసుకుంటారు, వేలికి తగిలితే ఒప్పుకుంటారు.

సాయంత్రం తూకంలో ఎండలోని ఆరూ సగానికి పైగా బరువు కోల్పోయాయి. డబ్బాలోది దాదాపు అట్లాగే ఉంది. ఏడోది ఆ రెంటికీ మధ్యన నిలిచింది. నీడలో ఉన్నా ఎండింది, గాలి ఉంది కాబట్టి. చలికాలంలో మా దగ్గర గాలి ఈశాన్యం వైపు నుంచి, పొడిగా వస్తుంది. వాముకు ఉత్తరాన ఎండ లేదు గానీ గాలికి అడ్డం లేదు. కాబట్టి కథలో "ఎండలేదు" అన్న మాటను తరగతి "మిగతావాటంత ఎండలేదు" అని సవరించింది.

అసలు చేప ఒక్క రోజులో ఎండుతుందా అని కూడా చూశాం. పావుకిలో చేపలో మూడొంతులు నీళ్లే. నిలవ ఉండాలంటే అందులో 170 గ్రాముల దాకా పోవాలి, దానికి 400 కిలోజౌళ్లు కావాలి. మన దగ్గర చదరపు మీటరు మీద రోజుకు దాదాపు 5 యూనిట్ల ఎండ పడుతుంది, అంటే 18,000 కిలోజౌళ్లు. 25 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పున్న చేప మీద పడేది 360. పడ్డ వేడి అంతా నీటిని ఆవిరి చేయడానికే పోయినా ఒక రోజు చాలదు, నిజానికి సగం కూడా అందుకు పోదు. రాజకుమారులు పట్టినవి పావుకిలో చేపలైతే ఆ సాయంత్రానికి ఆరు ఎండటమే అసలు వింత. అవి చెరువులో దొరికే చిన్న పరకలు అయ్యుండాలి. వెనక బెంచీ అమ్మాయి కొర్రమీను వాదానికి దీంతో బలం వచ్చింది: ఆరు చిన్నవి ఎండి, ఒక లావుపాటిది మిగిలిపోవడం సహజం.

అవ్వ, పిల్లాడు, చీమ

జీతగాడికి బువ్వ పెట్టకపోవడం, అవ్వ పిల్లాడిని ఎత్తుకోవడం, వీటిని కొలిచే పని పెట్టుకోలేదు. మనుషుల మధ్య జరిగేవాటికి మా దగ్గర కాంటా లేదు. ఒకటి మాత్రం పిల్లలు గమనించారు. చీమ కుట్టిన నొప్పి ఎంతసేపు ఉంటుంది, గడ్డివాము తగ్గడానికి ఎన్ని రోజులు పడుతుంది? గొలుసు ఒక కొసన నిమిషాలు, ఇంకో కొసన నెలలు. ఉదయం కుట్టిన చీమ సాయంత్రం చేపను ఆపాలంటే మధ్యలో ప్రతి కొక్కెం అదే రోజు లాగాలి, ఆవు కొక్కెం దగ్గర అది తెగిపోయింది.

చీమ మీద మాత్రం ఒక మంచి చర్చ నడిచింది. చీమ కుడితే ఫార్మిక్ ఆమ్లం అని అందరికీ వచ్చు. 1671లో జాన్ రే అనే ఇంగ్లండ్ ప్రకృతి శాస్త్రవేత్త చీమలను మరిగించి, ఆవిరిని చల్లార్చి ఆ ఆమ్లాన్ని తీశాడు. అయితే అన్ని చీమలకూ అది వర్తించదు. మామిడి ఆకులను కలిపి గూడు అల్లే ఎర్రచీమకు కొండి లేదు. అది కొరికి, గాయం మీద ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతుంది. నేలలో ఉండి మంట పుట్టించే చిన్న ఎర్రచీమ నిజంగానే కొండితో కుడుతుంది, దాని విషంలో ఎక్కువ భాగం ఆల్కలాయిడ్లు అనే వేరే రకం రసాయనాలు. కథలో చీమ "కుట్టనా" అంది, పుట్టలో ఉంది, కాబట్టి రెండో రకమే అని తేల్చారు.

బంగారు పుట్ట సంగతి నేను చెప్పాను. పెద్ద పుట్టలు కట్టేది నిజానికి చెదపురుగులు, తర్వాత వాటిలో చీమలూ పాములూ చేరతాయి. చెదలు నేల లోతుల్లోంచి మట్టి తెచ్చి పైకి పేరుస్తాయి. వరాహమిహిరుడు బృహత్సంహితలో భూగర్భ జలం జాడలు చెబుతూ పుట్టలను గుర్తుగా చెప్పాడు. 2012లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు, అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ వాళ్లు, బంగారం నిక్షేపాల మీద ఉన్న చెదల, చీమల పుట్టల్లో బంగారం ఆనవాళ్లు కనుక్కున్నారు. కంటికి కనిపించేంత కాదు, పరికరాలకు దొరికేంత. చీమ తన పుట్టను బంగారు పుట్ట అనడంలో ఈ ఒక్క కోణంలో అతిశయోక్తి తక్కువే.

ఫిబ్రవరి 28న సైన్స్ డే నాడు ప్రైమరీ పిల్లల ముందు విచారణ వినిపించారు. ఆవుకు నేరం లేదనగానే చిన్నపిల్లలు చప్పట్లు కొట్టారు. రెండో తరగతి బాబు ఒకడు లేచి, "మరి చేపను ఇవతల పక్కకు ఎందుకు జరపలే?" అని అడిగాడు. మా తొమ్మిదో తరగతి పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏడుసార్లు ఎందుకని అడిగిన రాజకుమారులు ఒక్కసారీ చేపను జరపలేదు. ఆ ప్రశ్నను నివేదిక చివర, అడిగిన బాబు తరగతితో సహా రాసి పెట్టారు.

ఆ వేసవికి ముందే పిల్లలు రెండో పుస్తకం ఎంచుకున్నారు, కుండలో రాళ్లు వేసి నీళ్లు తాగిన కాకిది. కాకి జాతికే చెందిన రూక్ అనే పక్షులు గొట్టంలో రాళ్లు వేసి నీటిని పైకి తెచ్చి, తేలుతున్న పురుగును అందుకున్నాయని 2009లో ఇంగ్లండ్‌లో బర్డ్, ఎమరీ అనే ఇద్దరు ప్రయోగం చేసి చూపారు. కాబట్టి తెలివి గురించి పేచీ లేదు. మా వాళ్లు అడిగింది కుండలో ముందుగా ఎన్ని నీళ్లు ఉండాలని. ఒక సీసాను గులకరాళ్లతో అంచుదాకా నింపి, సందుల్లోకి నీళ్లు పోసి, పట్టిన నీళ్లను కొలిచారు. సీసాలో దాదాపు 40 శాతం సందులే. అంతకన్నా తక్కువ నీళ్లుంటే కుండ నిండా రాళ్లు పోసినా నీళ్లు రాళ్ల మధ్యే ఉండిపోతాయి. ఇసుక కలిపితే ఆ సందులు తగ్గుతాయా అని ఇప్పుడు కొలుస్తున్నారు.